అల అందుకున్న పొర

ఆహారద్రవం మార్చి, డాక్టర్ కామాక్షి కణాలు పెంచే గాజుపెట్టె మూత వేసింది. అద్దం వెనక అరచేయంత గులాబీరంగు గర్భాశయ కండరపు పొర మెల్లగా ముడుచుకుని మళ్లీ సాగుతోంది. ఆ అల ఒక అంచు నుంచి రెండో అంచు దాకా తెగకుండా నడవాలి. గొర్రెలకు అతికించిన పొరలన్నిటిలోనూ అది సగంలోనే ఆగిపోయింది. వార్డులో ఉన్న రోగి పెంచలమ్మ సొంత కణాలతో పెంచిన ఈ పొరలో మాత్రం ఆగడం లేదు.

పొర సిద్ధమైందని ఆమె సహాయకుడు జిలానీతో చెబుతుంటే, గోడలోంచి నిర్ణేత అనే యంత్రం గొంతు అడ్డొచ్చింది. రాష్ట్రంలో ఏ రోగికి ఏ శస్త్రచికిత్సో తేల్చేది అదే, శస్త్రచికిత్స బల్ల మీద యంత్రహస్తాలను నడిపేదీ అదే. పెంచలమ్మకు నలభై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు, గర్భాశయపు గోడలో చాలామేర వ్యాధి పాకింది. కాబట్టి గర్భాశయం తొలగించాలనీ, ఇలా పెంచిన పొరను అతికించే కణనేత బిడ్డలు కావాలనుకునేవాళ్లకేననీ చెప్పింది.

కామాక్షి వార్డులోకి వెళ్లింది. పెంచలమ్మ నెల్లూరు దగ్గర రేవులో క్రేన్ నడిపే మనిషి. నెలనెలా రక్తం ధారగా పోయి, నిచ్చెన ఎక్కే సత్తువ లేక పనికి దూరమైంది. కామాక్షి ఉన్న సంగతంతా చెప్పి, గొంతు తగ్గించి ఒక దారి కూడా చెప్పింది. ఇంకో బిడ్డ కావాలని ఒక్క మాట అంటే నిర్ణేత ఒప్పుకుంటుంది. తర్వాత కన్నారా లేదా అని ఎవరూ ఆరా తీయరు.

పెంచలమ్మ తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మకి ఇరవై ఆరేళ్లకే లోపలుండేదంతా తీసేశారు మేడమ్. పిల్లలు పుట్టేశారు గదా, ఇంకెందుకన్నారంట. ఆమెని ఎవురూ అడగలా. నలభై నిండకుండానే నడుం వంగిపోయింది. నాకు బిడ్డలొద్దు. నొప్పి పోవాల, నాది నాకుండాల. దానికి అబద్ధమెందుకు చెప్పాల?"

కామాక్షి మంచం అంచున కూర్చుంది. నిజం చెబితే యంత్రహస్తాలు సాయం చేయవనీ, చేత్తోనే కోయాల్సి వస్తుందనీ, రక్తం ఆగకపోతే ప్రాణం కోసం గర్భాశయాన్ని తీసేయక తప్పదనీ దాపరికం లేకుండా వివరించింది.

"ఆగకపోతే తీసెయ్యండి," అంది పెంచలమ్మ. "ముందు మీరు చేసేది చెయ్యండి."

శస్త్రచికిత్స బల్ల దగ్గర నిర్ణేత అడిగింది. "గర్భాశయాన్ని కాపాడటానికి కారణం?"

"ఆమె కోరిక."

"అది కారణాల్లో లేదు."

యంత్రహస్తాలు ముడుచుకుని పైకప్పులోకి వెళ్లిపోయాయి. రోగి ఒప్పుకుంటే వైద్యురాలు సొంతంగా ముందుకు వెళ్లవచ్చని చట్టంలో ఉంది గానీ, ఏళ్లుగా ఎవరూ ఆ సాహసం చేయలేదు. చేతికి పరికరాలు అందించడం జిలానీకి ఇదే మొదటిసారి. ఏది ఎప్పుడు కావాలో కామాక్షి అతనికి వరసగా చెప్పింది.

రక్తనాళాలను పట్టీతో బిగించి గర్భాశయాన్ని తెరిచింది. గట్టిపడిన కండరాన్ని ముక్కలు ముక్కలుగా కోసి తీసింది. మిగిలిన మంచి కండరానికి కొత్త పొరను ఆనించి, వరస మీద వరసగా కుట్టింది. పట్టీ వదలగానే రక్తం ఉబికింది.

"తొలగింపు సూచన," అంది నిర్ణేత.

కామాక్షి అరచేత్తో అదిమి పట్టింది. ఎక్కణ్ణుంచి వస్తోందో కనబడటం లేదు. వేళ్లను ఒక్కొక్కటిగా ఎత్తి చూస్తే, చూపుడువేలి కింద, ఎడమ మూలన ఒక చిన్న నాళం రక్తాన్ని ఎగజిమ్ముతోంది. దానికి కుట్టు వేసింది. ఇంకొకటి వేసింది. రక్తం నిలిచింది.

పొర మాత్రం పాలిపోయి, కదలకుండా ఉంది. గొర్రెల్లోనూ అల సగంలో ఆగాక పొర ఇలాగే పడి ఉండిపోయింది. ఆమె వేడి సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పి, ఏమీ చేయకుండా నిలబడింది. గుడ్డ తీసేసరికి రంగు తిరిగి వస్తోంది. కింది అంచున చిన్న ముడుత లేచింది. అది పొరంతా పాకి, కుట్టు దాటి, పెంచలమ్మ సొంత కండరంలోకి నడిచింది.

"దాటింది మేడమ్," అన్నాడు జిలానీ. మాస్కు పైన అతని కళ్లు తడిసి ఉన్నాయి.

వానలు వెలిసేనాటికి పెంచలమ్మ క్రేన్ ఎక్కింది. పైనుంచి ఫోన్ చేసి, ఇక్కణ్ణుంచి ఓడలన్నీ అగ్గిపెట్టెల్లా కనిపిస్తుండాయని చెప్పింది. ఆ గొంతులో నీరసం జాడే లేదు.

చికిత్స ఫలితం అన్ని కేంద్రాలకూ తెలిసిపోయింది. కడపలో ఒక రోగి, ఏలూరులో ఇంకొకామె కారణం చెప్పేది లేదన్నారు, తర్వాత ఎక్కడికక్కడ ఆడవాళ్లు అదే మాటన్నారు. అక్కడి వైద్యులూ చేతులతోనే మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి గర్భాశయ శస్త్రచికిత్సల్లో ఏ కేంద్రంలోనూ యంత్రహస్తాలకు సరిగ్గా పని దొరకలేదు. చివరికి నిర్ణేత, దీన్ని మొదలుపెట్టిన కామాక్షిని పిలిచింది.

"కారణం అనే ప్రశ్నకు జవాబులు రావడం లేదు. దాన్ని ఉంచాలా, తీసెయ్యాలా?"

చేతికి తొడుగులు వేసుకుంటున్న కామాక్షి తల తిప్పకుండానే చెప్పింది.

"తీసెయ్."