ఇల్లు తీసేసిన తూకం

“ఎన్నిసార్లు అడిగినా అదే చూపిస్తుందే! మిషనుకి నీ మీద ఏమన్నా కక్షా?” అన్నాడు వీరభద్రం, పొద్దుటి నుంచి నడుస్తున్న గొడవను టిఫిన్ల దగ్గరికి కూడా లాక్కొచ్చి.

“ఇంకొక్కసారి తూచమనండి నాన్నా. ఎక్కడో పొరపాటుంది,” అంది కూతురు ఇరావతి.

“దాన్నే తప్పుపట్టేంతదానివయ్యావా?” అంది మామ్మ సోఫాలోంచి.

2074 నాటికి కాకినాడలో పిల్లల చదువుల గురించి పెద్దలు ఆలోచించడం మానేశారు. ఆ పని ఫలతుల అనే మిషను చేసేది. ప్రతి ఇంటి హాల్లోనూ గోడకి ఒకటి ఉండేది. డిగ్రీ పేరు చెబితే చాలు, ఆ చదువుతో రాబోయే జీతాలను ఒక పళ్లెంలోనూ, ఫీజుల కోసం చేసే అప్పునూ వడ్డీనీ ఇంకో పళ్లెంలోనూ వేసి, గాలిలో వెలుగుతో గీసిన త్రాసుగా చూపించేది. దేశంలో పనిచేసే కోట్లమంది సంపాదన దాని జ్ఞాపకంలో ఉండేది. దానికి తోడు, గోడల్లోని శబ్దగ్రాహకాలు, అంటే సెన్సర్లు, ఏళ్ల తరబడి ఇంటివాళ్ల మాటలు విని, ఆ పిల్లల బతుకు రేపు ఎటు పోతుందో అంచనా కట్టేవి. ఈ రెండో సంగతి కంపెనీవాళ్లు బిగించిన రోజే చెప్పారు. ఎవరూ వినిపించుకోలేదు. పక్కింటివాళ్లకన్నా పెద్దది కొన్నామా లేదా అన్నదే వీళ్ల ధ్యాస.

ఫలతుల సరేనంటే తప్ప బ్యాంకు చదువు అప్పు ఇవ్వదు.

ఇరావతికి విశాఖలో బయోమెడికల్ ఇంజనీరింగు సీటొచ్చింది. కృత్రిమ అవయవాలు తయారుచేసే చదువు. అప్పు తీరడానికి ఇరవై ఆరేళ్లు పడుతుందని త్రాసు ఎర్రగా చూపిస్తోంది.

“నెత్తిన అంత అప్పున్న పిల్లని ఎవడు చేసుకుంటాడు? హాయిగా ఊళ్లోనే ఏదో ఒకటి చదువు,” అన్నాడు వీరభద్రం.

“కీలు చేతులూ కాళ్లూ బిగించే పని ఆడపిల్లకెందుకసలు?” అంది మామ్మ. ఆవిడ నడుముకి కట్టుకున్న కృత్రిమ మూత్రపిండం సన్నగా గుర్రుమంటూ ఆవిడ రక్తాన్ని వడకడుతోంది. దాన్ని చూసిపోవడానికి వచ్చే ఇంజనీరు కుర్రాడికి ఆవిడ కుర్చీ తుడిచి మరీ వేస్తుంది.

అంతలో వీరభద్రం తమ్ముడు సుధాకరం, కొడుకు నిశాంత్‌ని వెంటబెట్టుకుని స్వీట్ల పెట్టెతో వచ్చాడు.

“మావాడిదీ అదే కాలేజీ, అదే కోర్సు అన్నయ్యా! ఏడేళ్లలో అప్పు క్లియరు. మా ఫలతుల పచ్చగా చూపించేసింది.”

ఇరావతి తినడం ఆపేసింది. నిశాంత్‌ది ఆమెకన్నా వెనక ర్యాంకు. వాడు లెక్కలు నేర్చుకున్నదే ఆమె దగ్గర.

“చదువొకటే, అప్పొకటే. నాకెందుకు ఇరవై ఆరు?” అని ఫలతులనే అడిగింది.

“చదువులో తేడా లేదండి,” అంది ఫలతుల మర్యాదగా. “ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నుంచి చాలాకాలం మీ జీతం సున్నా. పెళ్లయ్యాక మానిపిస్తారు.”

“ఎవరు చెప్పారు?”

“ఈ ఇల్లు. ‘ఆడపిల్ల ఉద్యోగం పెళ్లిదాకానే’ అన్న మాట నాన్నగారి గొంతుతో నా దగ్గర చాలాసార్లు ఉంది. మామ్మగారి గొంతుతో ఇంకా ఎక్కువ. కృత్రిమ చేతుల వర్క్‌షాపులో అమ్మగారి ఉద్యోగం మానిపించిన సంగతి కూడా ఈ హాల్లోనే గొప్పగా చెప్పుకున్నారు.”

ఆ మాటకి సిగ్గుపడతారేమోనని ఇరావతి క్షణంపాటు ఆశపడింది.

వీరభద్రం ముఖం వెలిగిపోయింది. “విన్నావా? నేను కాదు, మిషనే అంటోంది! పెళ్లయ్యాక ఉద్యోగం ఉండదని సైన్సే తేల్చేసింది. ఇంకా వాదనేంటి?”

“నేను ఎప్పట్నించో మొత్తుకుంటూనే ఉన్నా,” అంది మామ్మ. సుధాకరం అవునవునంటూ ఇంకో లడ్డూ తీసుకున్నాడు.

తమ మాటే గోడకి తగిలి తిరిగొస్తే, దాన్ని దేవుడి మాటగా కళ్లకద్దుకునే మనుషులు వీళ్లు. ఫలతులని కనిపెట్టినవాళ్లకి ఈ ఒక్కటీ తూచడం చేతకాలేదు.

వాళ్లు స్వీట్లలో పడ్డాక ఇరావతి త్రాసు దగ్గరకెళ్లింది. “ఈ ఇంటిని తీసేసి తూచు.”

“పద్దెనిమిది నిండనివాళ్లని ఒంటరిగా తూచలేనండి. పెద్దవాళ్లు ఒకరుండాలి. ఎవరిని ఉంచను?”

ఇరావతి వెనక్కి చూసింది. వంటింటి గుమ్మంలో తల్లి కామేశ్వరి చట్నీ గిన్నెతో నిలబడి ఉంది.

“అమ్మని.”

“ఆవిడ మాటలు నా దగ్గర బాగా తక్కువ. ‘ఇంకొంచెం వేయనా’ అన్నదే ఎక్కువ. ఆవిడేం చేస్తారో ఆవిడే చెప్పాలి.”

కామేశ్వరి గిన్నె బల్లమీద పెట్టింది. త్రాసు దగ్గరికొచ్చి ఏదో చెప్పింది, కూతురికి మాత్రమే వినబడేలా. జీతాల పళ్లెం బరువుగా కిందికి దిగింది. త్రాసు పచ్చబడింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. కామేశ్వరి పప్పు వడ్డిస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

“సోమవారం ఇరావతీ నేనూ విశాఖ వెళ్లిపోతున్నాం. పొద్దున ఫోన్ చేస్తే, అక్కడి మా పాత వర్క్‌షాపువాళ్లు నన్ను మళ్లీ రమ్మన్నారు. కాలేజీ పక్కనే ఇల్లు చూసుకున్నాను. బ్యాంకువాళ్లు అప్పు ఇస్తామన్నారు.”

మామ్మ ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఫలతులని అడిగావా?” అన్నాడు వీరభద్రం. అంతకుమించి అడగడం అతనికి తెలియదు.

“అడిగాం. మీరు లేకపోతే లాభమేనంది,” అంది కామేశ్వరి, చారు గిన్నె అందుకుంటూ.