చపాతీ కర్రకు నీలం నీడ

భూమిక అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే: మొగుడి మనసు తన మీద నుంచి మళ్లిపోతుందేమోనని.

పెళ్లయి మూడేళ్లు, చంకలో పది నెలల పాప. ఆ పొద్దున భయం నిజమైనట్టే అనిపించింది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆర్మూర్ చుట్టుపక్కల ఎవరి వేళ్లు చూసినా పచ్చగానే ఉంటాయి. నరహరి వేళ్లకు మాత్రం నీలం అంటుకుంది. ఎక్కడిదని అడిగితే తల దించుకుని కల్లానికి వెళ్లిపోయాడు.

పెర్కిట్‌లో వాళ్ల వీధిలో నీలం గోడలున్నది ఒక్క దీప బ్యూటీ పార్లర్‌కే. మొన్ననే దీప రంగు వేయించింది. పెళ్లికి ముందు నరహరికి చూసిన సంబంధం ఆమెదే. పైగా నాలుగు రోజులుగా ఇంట్లో చపాతీ కర్ర కనిపించడం లేదు. అదీ అక్కడికే చేరిందని తేల్చుకుంది భూమిక. మనిషి పోతే పోయాడు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న కర్ర ఎందుకు పోవాలి?

పాపను చంకనేసుకుని, మిట్ట మధ్యాహ్నం ఎండలో కల్లానికి నడిచింది.

ఆరబోసిన పసుపుకు కాపలా కాయాల్సినవాడు వేపచెట్టు కింద వంగి కూర్చున్నాడు. ఎదురుగా గోనెసంచి మీద ఆమె చపాతీ కర్ర. పక్కన వాటర్ కలర్ డబ్బా. ఒళ్లో బొమ్మల పుస్తకంలోనూ అదే కర్ర, పట్టుకుంటే చేతికొచ్చేలా.

"దొంగతనం జేసి బొమ్మలేస్తున్నవా?"

అతను దాచబోయాడు, ఆమె పుస్తకం లాక్కుంది. పేజీ తిప్పితే ఆమె కవ్వం, ఆమె పీట. కర్రకు నీలమెందుకని నిలదీసింది.

"నీడకు. పసుపు రంగేస్తే పసుపు కొమ్ము లెక్క కనవడ్డది."

నవ్వొచ్చింది గానీ మింగేసింది. "కర్రలే దొరికినయా? నేను కానరాలేదా?"

"నీ మొఖం గీసుడు నాకు రాదు. గీడ సూడు." కర్ర రెండు చివర్లూ చూపించాడు. "నీ చేతులు పట్టే కాడ నున్నగైంది. గా మెరుపు కోసమే నాలుగు రోజులు పట్టింది."

మూడేళ్లుగా తను పట్టుకుంటున్న కర్రే. అది అంత బాగుంటుందని ఆమెకిప్పుడే తెలిసింది. కోపం మాత్రం నిలవడానికి చోటు వెతుక్కుంటోంది.

"అడిగితే ఇయ్యనా?"

"నవ్వుతవని అవ్వ జెప్పింది. కర్ర ఇచ్చింది గూడ అవ్వనే."

చోటు దొరికింది. నాలుగు రోజులూ తనతో పాటు బియ్యం డబ్బాల వెనకాల, మంచాల కింద వెతికిన అత్త రామవ్వ!

పాపను అతని ఒళ్లో కూర్చోబెట్టింది. "రేపు పప్పుగుత్తి నేనే తెస్త. మంచిగ గీయి," అని, చపాతీ కర్ర పట్టుకుని గిరుక్కున ఇంటి దారి పట్టింది.

కల్లం వదిలి నరహరి కదలలేడు. మీరెవరైనా పెర్కిట్ వైపు పోతుంటే, రామవ్వను ఒక్కసారి చూసి రండి.