రెమెదియోస్ అత్త పెళ్లికి వాయించిందెవరు?

రెండు నదులు కలిసే మూలన ఉన్న పాత మఠం మంచిది కాదని మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అవతలి గట్టు పోర్చుగల్, ఇవతలి గట్టు స్పెయిన్ — మఠం మాత్రం దెయ్యాలది! సన్యాసులు వెళ్లిపోయి తరాలైంది. చీకటి పడితే గొర్రెలు కూడా అటు పోవు.

అందుకే రెమెదియోస్ అత్త తన రెండో పెళ్లికి దాన్నే ఎంచుకుంది. ఆవిడ నోట విన్నదే చెబుతున్నా.

మా దగ్గరో పాడు ఆచారం ఉంది. మొగుడు పోయినావిడ మళ్లీ పెళ్లాడితే, ఊరంతా పశువుల మెడగంటలూ మూకుళ్లూ పట్టుకొచ్చి వాయించి పరువు తీస్తారు. ఆ గోల తప్పించుకోవాలనే అత్త, అవతలి గట్టున రొట్టెలు కాల్చే అదెలినోతో తెల్లారకముందే గుట్టుగా కానిచ్చేద్దామనుకుంది. పెళ్లి జరిపించాల్సిన పాదిరి నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి మాత్రం మర్చిపోయింది.

ఆ వేళ ఒకటే పొగమంచు. మఠం గుమ్మం దగ్గర ఇద్దరూ లాంతరు పట్టుకుని నిలబడ్డారు. పాదిరి ఇంకా రాలేదు...

లోపల్నుంచి — టంగ్!

ఒకే ఒక్క మెడగంట. ఆగి... మళ్లీ టంగ్.

"గాలేమో," అన్నాడు అదెలినో.

"గాలికి మెడ ఉంటుందా, గంట కట్టడానికి?" అత్త గుమ్మం నుంచి వెనక్కి జరిగింది. "పోయిన మా ఆయన ఫెర్మినే! బతికుండగా నేను నవ్వితేనే ఓర్చుకోలేదు... పెళ్లంటే ఊరుకుంటాడా? వద్దయ్యా, నువ్వెళ్లిపో!"

అదెలినో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. పాపం, ఆ మనిషికి కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ.

అంతలో వంతెన మీంచి కేకలు. పాదిరిని ముందు పెట్టుకుని, మూకుళ్లతో ఊరంతా దిగింది!

మంగలి ఎవారిస్తో రొప్పుతూ వచ్చాడు. "మేం రాకముందే మొదలెట్టిందెవర్రా?"

"లోపలున్నది... మీవాళ్లు కాదూ?" అత్త గుసగుసగా అడిగింది.

"ఈ కొంపలోకా? మాకేం పిచ్చా, అత్తా?"

మూకుళ్ల మోత ఆగిపోయింది. లోపల — టంగ్...

అంతే! మెడగంటలు గణగణలాడుతుండగా ఊరు ఊరంతా పరుగో పరుగు. పాదిరీ ఉడాయించేవాడే గానీ, అత్త ఆయన అంగీ పట్టుకు లాగింది.

"మీరెక్కడికి, ఫాదర్?"

ఆ చీకట్లోకి కాసేపు చూసి, ఆవిడ ఉన్నట్టుండి నవ్వింది.

"ఈ పెళ్లి వద్దనుకున్నవాడు వాయించడుగా! పెళ్లయినవాళ్లకేగా ఈ గోల... ఒరే ఫెర్మినూ, కాస్త ఆగరా — ఇంకా ప్రమాణం కాలేదు!"

లోపల గంట ఆగిపోయింది.

పాదిరి గడగడా మంత్రాలు చదివినంతసేపూ చడీచప్పుడూ లేదు. ఆయన ఆమెన్ అన్నాడో లేదో — ఎండెక్కేదాకా ఒకటే మోత!