రంగు బకెట్లో వేడినీళ్ళు

"ఇంతకీ ఈ చొక్కా ఎవరికి?" టైలర్ మూడోసారి అడిగాడు.

"ఒకాయనకి," అంది డ్రాయింగ్ టీచర్ తల ఎత్తకుండా. వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కరిగిన మైనంలో బ్రష్ ముంచి చేపలు గీస్తోంది. మైనం ఉన్నచోట రంగు అంటదు. నీలంలో ముంచి తీస్తే ఆ చేపలు తెల్లగా మిగులుతాయి.

టైలర్‌ది కింది వాటా, ముందుగదిలోనే కుట్టుకొట్టు. ఆదివారం వచ్చిందంటే చాలు, పై వాటాకొచ్చి ఆమె రంగు బకెట్లు మోస్తాడు, ఎవరూ పిలవకపోయినా సరే.

"కొలతలు?"

"నీ అంతే ఉంటాడులే."

"పళ్ళ డాక్టరా?"

"ఆయనకేం, మంచివాడు."

అంతే, టైలర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ డాక్టర్ మొన్న అరగంటసేపు మెట్ల మీద నిలబడి ఈమెతో ఒకటే నవ్వులు. ఇప్పుడు ఆయన చొక్కా తను కుట్టాలా? ససేమిరా. ఈమె తనకు కావాలి. ఆ ఒక్క మాటా రెండేళ్ళుగా గొంతు దాటి రావడం లేదు.

ఆమె గుడ్డను రంగులో ముంచి, పట్టి తీయడానికి ఒక మూల మాత్రం బకెట్ అంచు మీద వదిలింది. "కాస్త నీళ్ళు పొయ్యి."

పొయ్యి మీది గిన్నె ఎత్తి పోసేశాడు మహానుభావుడు. అవి ఆఖరున మైనం వదిలించడానికి మరగబెట్టిన నీళ్ళు. చేపలన్నీ కరిగి నీలంలో కలిసిపోయాయి.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కావాలనే పోశావా?"

"ఒట్టు, చూసుకోలేదు. ఆ డాక్టర్ గురించే కుళ్ళుకుంటున్నా."

"ఆ మూల చూడు."

బయట మిగిలిన మూలలో మైనంతో గీసిన చిన్న కత్తెర, పక్కనే దారపు ఉండ.

"పళ్ళ డాక్టర్‌కి కత్తెరెందుకు? అందరికీ కుడతావు, చిరిగిన నీ కాలర్ ఎప్పుడైనా చూసుకున్నావా? ఐదు ఆదివారాలు పట్టింది నాకు."

టైలర్ తన కాలర్ తడిమి చూసుకున్నాడు. రెండేళ్ళ మాట ఇప్పుడు బయటపడింది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"ముందు చొక్కా కుట్టుకో. అమ్మకి చూపించాలి."

ఆ మూలను చల్లటి రంగులో ముంచి తీశారు. కత్తెర సరిగ్గా జేబు మీదికి వచ్చేలా, మరకలతో సహా కుట్టుకున్నాడు. ఆమె తల్లి కిందికీ పైకీ చూసి, "అల్లుడిని పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వకు," అంది.

వారం తిరక్కుండానే పళ్ళ డాక్టర్ టైలర్ కొట్టు ముందు ఆగాడు. "భలే ఉందే. నాకూ ఇలాంటిదొకటి కుట్టిపెట్టు."

"గుడ్డ లేదు సార్," అన్నాడు టైలర్.

మెట్ల మీంచి ఆమె నవ్వు వినిపించింది. "గుడ్డ బోలెడుంది డాక్టర్‌గారూ. కుట్టేవాడికే మనసు రావట్లేదు."