ఊపిరికి వేసిన ముడి

వానాకాలం మధ్యాహ్నం. శ్రీకాకుళం ఆసుపత్రి వార్డులో అన్నాలు తిన్నవాళ్ళు కునుకు తీస్తున్నారు. పొందూరు నుంచి వచ్చిన తాయారు తన అత్త గున్నమ్మ మంచం పక్కన కూర్చుంది.

గున్నమ్మ నలభై ఏళ్ళు అడ్డపొగ తాగింది. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చి పీల్చి ఊపిరితిత్తులు జల్లెడ చేసుకుంది. మూడు నెలలుగా మాత్రం చుట్ట ముట్టలేదు. మొన్న ఆపరేషన్ చేశారు. ఆ మర్నాడే కుడి ఊపిరితిత్తి గాలి కారి చప్పబడిపోయింది. డొక్కలోకి గొట్టం వేసి, దాని కొసను మంచం కింద నీళ్ళ సీసాలో ముంచారు.

బుడ... బుడ... బుడ...

"బుడగలు చూసి భయపడకమ్మా," అని నర్సు మెర్సీ పొద్దుటే చెప్పింది. "లోపల ఇరుక్కున్న గాలి బయటికి పోతన్నాది. గొట్టం మాత్రం మూసీకు."

తాయారు తలూపింది. తలూపడం వేరు, మాట మీద నిలబడడం వేరు.

ఎక్కడినుంచో చుట్ట వాసన వచ్చింది. పక్క మంచం మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మూసిన పెదాల వెనక నిప్పు ఎర్రగా కదులుతోంది.

"ఒసే పిల్లా."

"ఏటి మామ్మా?"

"మీ అత్త పేనం సీసాలో పడిపోతన్నాది. సూస్తా కూకున్నావేటి? ఆ గొట్టం కట్టీ."

తాయారుది నూలు వడికే చెయ్యి. తెగినచోట ముడెయ్యడమే దానికి తెలుసు. కొంగున ఉన్న నూలు తీసి, గొట్టం మడిచి, బిగించి కట్టింది.

బుడగలు ఆగాయి.

నిశ్శబ్దం...

గున్నమ్మ మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు నల్లబడ్డాయి. నోరు తెరిచింది... గాలి అందలేదు. తాయారు ముడి విప్పబోయింది. ముడి రాలేదు.

"మెర్సమ్మా..."

మెర్సీ పరుగున వచ్చి కత్తెరతో దారం తెంచింది. సీసాలో నీళ్ళు కుతకుతలాడాయి. గున్నమ్మ రొమ్ము కదిలింది.

"ఎవరు కట్టమన్నారు?"

"ఆ మంచం మీద మామ్మ."

మంచం మీద చుట్టిన పరుపు తప్ప ఏమీ లేదు.

"ఆ మంచం మీదుండే దానమ్మా?" మెర్సీ గొంతు తగ్గింది. "ఆవిడ మొన్ననే పోయింది. ఆవిడకి వేసిన గొట్టం కూడా ఎవరో ఇలాగే మడిచి కట్టేశారు. ఆవిడకి తోడు మనిషే లేదు."

గున్నమ్మ కళ్ళు తెరిచింది. కోడల్ని గున్నమ్మ ఏనాడూ 'అమ్మా' అని తప్ప పిలవలేదు.

"మంచి ముడేసినావే, పిల్లా."

తాయారు తల దించింది. సీసాలో బుడగలు పైకి వస్తున్నాయి. పగిలిన ప్రతి బుడగలోంచీ సన్నగా... చుట్ట పొగ.