కిటికీ వైపు చెంప

ఆ ఆదివారం కూడా పదహారేళ్ళావిడ ఐదింటికే లేచింది. ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. నిజానికి ఆవిడకి యాభై రెండు నిండాయి. కానీ కూతురి పక్కన నిలబడితే ఎవరు అక్కో ఎవరు చెల్లెలో తేల్చుకోలేక కొత్తవాళ్ళు తికమకపడేవారు. ముందుగదిలో బ్యూటీ పార్లరు నడిపే మనిషికి మొహమే పెట్టుబడి, మొహమే బోర్డు. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, అరగంట నడక, చక్కెర లేని టీ, రాత్రి తొమ్మిదిన్నర కొట్టేసరికి పడక. గుమ్మంలో పాలప్యాకెట్టు తీసుకోవాలన్నా సన్‌స్క్రీన్ రాసుకుని మరీ వెళ్ళేది.

పార్లరుకి వచ్చినవాళ్ళకీ అదే చెప్పేది. "క్రీములదేముందమ్మా, ముందు కంటినిండా నిద్రపో, నీళ్ళు తాగు, నీడపట్టున ఉండు." చెప్పిందంతా నిజమే, పాపం. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి మాత్రం చెప్పడం మర్చిపోయింది.

ఆ మనిషి ఆవిడ భర్త, ముప్ఫై ఏళ్ళుగా లారీ డ్రైవరు. కిటికీలోంచి పడే ఎండకి కాగీ కాగీ ఆయన మొహంలో ఆ వైపు చెంప రెండో చెంప కన్నా పదేళ్ళు ముందు ముసలిదైపోయింది. మగాడికి సన్‌స్క్రీన్ ఏమిటని ఆవిడా అనుకుంది, ఆయనా అనుకున్నాడు. అలాగే గడిచిపోయేదేమో. కానీ కిందటేడు ఓ పెళ్ళిలో ఎవరో ముక్కూమొహం తెలియనావిడ ఆయన్ని చూపించి, "మీ నాన్నగారా?" అని అడిగింది. ఆయన పకపకా నవ్వేశాడు. ఆవిడకి మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచే వైద్యం మొదలైంది. కిటికీ వైపు చెంప మీద, కంటికి కాస్త కింద, చొక్కా గుండీలో సగమంత గరుకు మచ్చ ఉండేది. "వయసు మచ్చలెండి. నాలుగు వారాల్లో వదలగొడతాను" అంది ధీమాగా. పార్లరు కుర్చీలో ఆయన్ని వెనక్కి వాల్చి, పైన కట్టిన పెచ్చు గీకి, మచ్చలు పోయే మందు రాసేది. పోయినట్టే పోయి అది మళ్ళీ వచ్చేది, ఈసారి ఇంకాస్త పెద్దదై. ఒక్కోసారి నెత్తురు వచ్చేది. అప్పుడు ఆవిడ మందు మోతాదు పెంచేది. నలుగురిలోకి వెళ్ళాల్సి వస్తే పైన ఫౌండేషన్ పూసి కప్పేసేది. పదకొండు నెలలు ఇదే తంతు.

ఆ రోజు ఆయన కుర్చీలో వాలి ఉండగా కూతురు చెప్పాపెట్టకుండా ఊడిపడింది. వేరే ఊళ్ళో ఆసుపత్రి ల్యాబులో ఆమె ఉద్యోగం. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పలచగా కోసి, పరీక్షకి గాజుపలకల మీద అమర్చడం ఆమె పని. ఇదివరకు ఆమె వస్తోందని తెలిస్తే చాలు, మచ్చ మీద ఫౌండేషన్ పడిపోయేది. ఇవాళ అందుకు వ్యవధి లేకపోయింది.

"ఇదేంటి నాన్నా?"

"ఏం లేదమ్మా, మచ్చ. మీ అమ్మ తీసేస్తోందిగా."

చేతిసంచి భుజాన ఉండగానే ఆమె వంగి చూసింది. అంచులు గట్టిపడి పైకి లేచాయి, నడుమ పచ్చిపుండు. దవడ కింద మెల్లగా తడిమింది. ఒకచోట గట్టి గడ్డ తగిలి ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఎన్నాళ్ళయిందమ్మా ఇది వచ్చి?"

"పోయినేడు. మహా మొండిదే. ఈసారి మందు కాస్త గట్టిగా వేసి..."

"ఆ బ్రష్ కింద పెట్టు."

"నాకు నేర్పుతున్నావా? ఇరవై ఏళ్ళుగా ఈ చేత్తో ఎన్ని మొహాలు..."

"పెట్టమంటున్నానా! నీ పార్లరుకి ఎవరైనా ఇలాంటి పుండుతో వస్తే ఏం చేస్తావు?"

"ముట్టుకోను. డాక్టరు దగ్గరికి పొమ్మంటాను" అనేసింది తల్లి. అన్నాక ఆ మాట తన చెవినే పడి, చేతిలో బ్రష్ జారిపోయింది.

"మరి నాన్నని ఎందుకు పొమ్మనలేదు?"

"ఇంట్లో మనిషే కదా అని... నా చేతిలో పనే కదా అని..."

"కాదు. నాన్న ముసలివాడిలా కనబడితే నీకు నామోషీ. అదీ సంగతి!"

"చాల్లే తల్లీ, ఊరుకో. అమ్మనేమీ అనకు" అన్నాడు డ్రైవరు కుర్చీలోంచి లేస్తూ. తల్లి వంగి, కింద పడ్డ బ్రష్ తీసి చెత్తబుట్టలో పడేసింది.

మర్నాడే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. చెంపకి కట్టు వేసి, తీసిన ముక్కని పరీక్షకి పంపారు. ఎనిమిదో రోజున డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. క్యాన్సరు. మెడ గ్రంథుల్లోకి దిగింది. చెంప చాలావరకు తీసెయ్యాలి, ఆ వైపు కన్ను కూడా దక్కకపోవచ్చు. ఆ తర్వాత కూడా ఏ హామీ ఇవ్వలేనన్నాడు.

"మొదట్లోనే వచ్చుంటే చిన్న కోతతో పోయేది. ఎందుకింత ఆలస్యం చేశారు?"

"నేనేనండీ. ఇంట్లో చెప్పకుండా దాచాను" అన్నాడు డ్రైవరు టకీమని.

"అబద్ధం, డాక్టరుగారూ," అంది ఆవిడ. "దాచింది నేను. వారం వారం గీకాను. నెత్తురొస్తుంటే చూస్తూ కూడా గీకాను."

వరండాలోకి వచ్చి మొగుడూ పెళ్ళాం బల్ల మీద కూలబడ్డారు. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"ఒక్కసారైనా నొప్పి పుట్టలేదా మీకు?"

"ఎందుకు పుట్టదూ? ప్రాణం పోయేది."

"మరి నోరు విప్పి చెప్పొచ్చుగా! మానేసేదాన్ని కదా!"

"మానేస్తావనే చెప్పలేదు. వారమంతా రోడ్ల మీదే ఉంటాను. నేను ఇల్లు చేరేసరికి నువ్వు పడుకుంటావు. పగలు ఎక్కడికైనా వెళ్దామంటే ఎండంటావు. ఆదివారం ఆ అరగంటే కదే, నువ్వు నా పక్కన కూర్చుని నా మొహం మీద చెయ్యి వేసేది."

పదహారేళ్ళావిడకి గుండె చెరువైపోయింది. ఆయన చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా బావురుమంది. "మచ్చనే చూశానండీ నేను. పదకొండు నెలలూ దాన్నే చూశాను, మిమ్మల్ని చూడలేదు." కోపంగా దూరంగా నిలబడ్డ కూతురు ఇక ఉండలేక వచ్చి, తల్లి తలని తన కడుపుకి హత్తుకుంది.

"ఊరుకోవే పిచ్చిదానా" అన్నాడాయన, కట్టు కింద నొప్పిని ఓర్చుకుంటూ. "ఒక కన్ను మిగుల్తుందంటున్నారుగా. నిన్ను చూసుకోవడానికి అది చాలు."