పద్నాలుగో స్లైడ్

ఉదయం ఏడూ పదికి స్లైడ్ల పెట్టె దొరికింది. ల్యాబ్ వెనక చెత్తడబ్బాలో. లోపల ఇరవై స్లైడ్లూ ముక్కలు ముక్కలు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి డాక్టరమ్మ కుర్చీలో కూలబడి ఉంది. పదకొండేళ్లుగా రక్త క్యాన్సర్ల మీద పరిశోధన చేస్తున్న మనిషి. టేబుల్ మీద పోయిన నెల వైద్య పత్రికలో అచ్చయిన ఆమె పరిశోధన పేపర్. ఇరవై మంది పిల్లలకు కొత్త మందు ఇచ్చారు. ఇరవై ఎనిమిదో రోజున ఎవరి స్లైడ్‌లోనూ క్యాన్సర్ కణం కనిపించలేదు.

"ఇరవైకి ఇరవయ్యా?" అంది ఇన్‌స్పెక్టర్.

"పత్రికవాళ్లూ అదే అడిగారు. స్లైడ్లు పంపమన్నారు. రెండింటికి కొరియర్ వస్తాడు. పంపకపోతే పేపర్ రద్దు. మందూ ఆపేస్తారు."

తలుపు దగ్గరున్న అటెండర్ కల్పించుకున్నాడు.

"ఆ ఇరవైలో మా అమ్మాయి ఒకతి మేడమ్. మూడో అంతస్తులో ఉంది. వారం నుంచి మళ్లీ జ్వరం. మందు కూడా ఆపితే..."



స్లైడ్లు దాచే బీరువా తాళం పగల్లేదు. తాళంచెవులు మూడు. డాక్టరమ్మ దగ్గర ఒకటి, టెక్నీషియన్ దగ్గర ఒకటి, అటెండర్ దగ్గర ఒకటి.

టెక్నీషియన్ని అందరూ పెన్సిలక్క అంటారు. చెవి మీద పెన్సిల్ నిద్రలో కూడా తీయదని వాళ్ల వేళాకోళం.

"పేపర్లో మీ పేరు వేయలేదట?" అని ఆమెను అడిగింది ఇన్‌స్పెక్టర్.

"వేయలేదు. చాకిరీ నాది, పేరు వాళ్లది."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదూ? రెండ్రోజులు డాక్టరమ్మతో మాట్లాడలేదు. అంతమాత్రాన నా చేత్తో రంగేసిన స్లైడ్లు నేనే పగలగొట్టుకుంటానా?"

"ఆ పెన్సిలేంటి?"

"పెన్నుతో మా పని జరగదు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ ఆలోచించింది. పేపర్ అబద్ధమైతే భయం డాక్టరమ్మకి. కసి పెన్సిలక్కకి. అటెండర్‌కి మాత్రం కారణం లేదు. కూతురి ప్రాణం ఆ గాజు ముక్కల మీదే వేలాడుతోంది.

ఆమె గ్లవ్స్ వేసుకుని ముక్కలు ఏరింది. అంకె రాసిన కొసలు ఇరవై తేలాయి. ఒక్కొక్కటీ దీపం కింద పెట్టి చూసింది.

పన్నెండూ ఇరవైకి ముగ్గుర్నీ పిలిచింది. రెండు కొసలు ఎంచి, ట్రేలో స్పిరిట్ పోసి ముంచింది.

పదమూడు అంకె అలాగే ఉంది. పద్నాలుగు నీలంగా కరిగి, మాయమైంది.

"పెన్సిలక్కా, రంగు వేసే ముందు స్లైడ్ దేంట్లో ముంచుతారు?"

"మిథనాల్‌లో. పెన్ను గీత అందులో నిలవదు. అందుకే పెన్సిల్..." ఆమె ట్రే మీదికి వంగింది. "అంటే ఇది..."

"రంగు వేశాక రాసిన అంకె. మీరు వేసిన స్లైడ్ కాదు. అందరూ అంకె చూశారు. దేంతో రాశారో ఎవరూ చూడలేదు."

"నాకప్పుడే అనుమానం వచ్చింది," అంది పెన్సిలక్క. "ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం పద్నాలుగులో ఇంకా కొన్ని కణాలున్నాయన్నాను. పొద్దున డాక్టరమ్మతో కలిసి చూస్తే ఒక్కటీ లేదు. నా కళ్లే మోసం చేశాయనుకున్నా."

"పద్నాలుగో స్లైడ్ ఎవరిది?" అంది ఇన్‌స్పెక్టర్.

జవాబు అక్కర్లేకపోయింది. అటెండర్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. జేబులో నీలం పెన్ను.

"ఆ సాయంత్రం అక్క అన్నమాట విని, విద్యార్థులకు చూపించే మంచి రక్తం స్లైడ్ ఒకటి తెచ్చి పెట్టాను. వాటి మీద అంకెలుండవు. పరీక్షకు పంపుతారని తెలిసి నిన్న అన్నీ పగలగొట్టాను. ఒక్కటే పోతే ఎవరిదో తెలిసిపోతుంది కదా."

"ఎందుకు చేశారు?"

"సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది మేడమ్. మందు పనిచేయకపోతే ఆపేస్తారని. ఆపేస్తే దానికింకేం మిగిలింది?"

డాక్టరమ్మ లేచింది. 

"ట్రాన్స్‌ప్లాంట్ మిగిలింది నాయనా! మందు పనిచేయని పిల్లలకి వెంటనే చేసేది అదే. నీ ఎముక మూలుగ దానికి సరిపోతుందని మొదట్లోనే పరీక్ష చేయించాను. స్లైడ్ శుభ్రంగా ఉందనే ఆగాను. మూడు నెలలు ఆగాను."



"ఇప్పుడు చేయొచ్చా?" అన్నాడతను.

"అప్పుడైతే తేలిక. ఇప్పుడు... చూడాలి."

అతను లేచి రెండు చేతులూ ఇన్‌స్పెక్టర్ ముందు చాపాడు. అంతలోనే వెనక్కి లాక్కున్నాడు.

"సంకెళ్లు తర్వాత వేయండి తల్లీ. ముందు మూలుగ తీసే సూది వేయమనండి."

లిఫ్ట్ పై అంతస్తులో ఆగి ఉంది. అతను మెట్లెక్కడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ అతని వెనకే పరిగెత్తింది.

ఇన్‌స్పెక్టర్ ఆపలేదు. సంకెళ్లు జేబులో పెట్టుకుని తనూ ఎక్కింది.